గుండు ఎక్కడ పడిందో చెప్పే మనిషి – కెప్టెన్ జెరీ ప్రేమ్‌రాజ్

ప్రక్షేపక చలనం పాఠంలో ‘గాలి నిరోధాన్ని విస్మరిస్తే’ అనే మాట విద్యార్థులందరికీ పరిచయమే. ఆ ఒక్క షరతు పెట్టుకుంటే గుండు ప్రయాణించే మార్గం చక్కని పరావలయం అవుతుంది, లెక్క సులువుగా తేలిపోతుంది. 1999 వేసవిలో కార్గిల్ కొండల్లో ఫిరంగులు పేల్చిన మన సైనికులకు ఆ వెసులుబాటు లేదు.

5,000 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్ర మట్టం వద్ద ఉండేదానిలో సుమారు 60 శాతమే. గాలి పలచబడితే నిరోధం తగ్గి, గుండు మైదానంలో కంటే ఎక్కువ దూరం పోతుంది. మైదానపు లెక్కతో గురిపెడితే అది శిఖరాన్ని దాటి అవతలి లోయలో పడుతుంది. పైగా శత్రువు ఉన్నది విశాలమైన మైదానంలో కాదు, సన్నని కొండ అంచు మీద. కొద్దిపాటి తేడా వచ్చినా గుండు వృథాయే.

ఇంకొక చిక్కు ఉంది. ఫిరంగి దగ్గరున్న వారికి సాధారణంగా లక్ష్యం కనిపించదు. ఫిరంగి ఒక లోయలో, లక్ష్యం కొండ కొమ్మున. కనుక చూసి చెప్పేవారు కావాలి. సైన్యంలో ఆయనను ఫార్వర్డ్ అబ్జర్వేషన్ ఆఫీసర్ అంటారు. శతఘ్ని దళానికి చెందినవాడే అయినా వైర్‌లెస్ సెట్టుతో పదాతిదళం వెంట కొండ ఎక్కుతాడు. మొదటి గుండు ఎక్కడ పడిందో చూసి, ఇంత కుడికి, ఇంత ముందుకు అని సవరణ చెబుతాడు. ఒక గుండు లక్ష్యానికి అవతల, మరొకటి ఇవతల పడితే ఆ మధ్య దూరాన్ని సగానికి సగం తగ్గిస్తూ పోతాడు. గణితంలో సమీకరణానికి మూలం వెదికే పద్ధతి ఇదే. కాకపోతే ఇక్కడ లెక్క తప్పితే గుండు తనవారి మీదే పడుతుంది.

కెప్టెన్ జెరీ ప్రేమ్‌రాజ్ చేసిన పని అది. కేరళలో తిరువనంతపురం దగ్గరి వెంగానూరు ఆయన ఊరు. మొదట వైమానిక దళంలో ఎయిర్‌మన్‌గా చేరి, తరువాత సైన్యంలో అధికారి అయ్యారు. 158 మీడియం రెజిమెంట్‌లో పనిచేశారు. 1999 ఏప్రిల్‌లో వివాహమైంది. సెలవులో ఉండగానే యుద్ధానికి పిలుపు వచ్చింది.

జూలై మొదటి వారంలో ద్రాస్ ప్రాంతంలోని ట్విన్ బంప్స్ మీద జరిగిన దాడిలో ఆయన పదాతిదళం వెంట వెళ్లారు. శత్రువు బంకర్లను చూడాలంటే తాను కూడా శత్రువుకు కనిపించే చోటికి రావలసిందే. ఫిరంగుల గురిని సరిచేస్తుండగా తూటా తగిలింది. అయినా వైర్‌లెస్‌లో సవరణలు చెప్పడం ఆపలేదు. ఆయన మాట ఆగితే కింద ఉన్న ఫిరంగులు గుడ్డివైపోతాయి, పైకి ఎక్కుతున్న జవాన్లకు అండ పోతుంది. మళ్లీ తూటాలు తగిలి, జూలై 7న ఆయన మరణించారు. మరణానంతరం వీరచక్ర ఇచ్చారు.

ఆ యుద్ధంలో మన శతఘ్ని దళం సుమారు 2,50,000 గుళ్లు, రాకెట్లు ప్రయోగించిందని అంచనా. పుస్తకాలలో ఈ సంఖ్యే ఎక్కువగా కనబడుతుంది గాని, ఆ గుళ్లకు దారి చూపిన వారి ప్రస్తావన తక్కువ. 2022లో ద్రాస్‌లోని 5140 శిఖరానికి ఫిరంగి సైనికుల గౌరవార్థం గన్ హిల్ అని పేరు పెట్టారు. 5140 అనేది దాని ఎత్తు, మీటర్లలో.