ఎడమకే పోయే హెలికాప్టర్

పోయిన ఎపిసోడ్‌లో చిన్న రిమోట్ హెలికాప్టర్ల గురించి మాట్లాడినందుకు చాలామంది వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. "అన్నా, లీవ్‌కు పోయేటప్పుడు పిల్లగానికి కొనుకపోయిన, రెండు రోజులకే మూలకు పడ్డది" అన్నవాళ్లే ఎక్కువ. వాళ్లల్లో నేనూ ఒకణ్ని. మాట్లాడేటప్పుడు పేర్లు, సంవత్సరాలు వరుసగా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను. నేను ఐటీఐలో ఫిట్టర్ చేసినవాణ్ని, షార్జాలో సైట్ సూపర్‌వైజర్‌ని. పైలట్‌ని కాదు. ఒక బొమ్మ విషయంలో నేను చేసిన తప్పు వల్లనే ఈ చరిత్ర వెంట పడ్డాను.

2012లో జగిత్యాల దగ్గర మా ఊరికి పోతూ అరచేతిలో పట్టే హెలికాప్టర్ ఒకటి తీసుకుపోయాను. మీద ఒకటి, కింద ఒకటి, రెండు జతల రెక్కలు. మా వాడికి అప్పుడు ఆరేళ్లు. డబ్బా విప్పిన పది నిమిషాలకే ఇంట్లో ఎగరేశాడు. వాడి సంబురం చూసి 2014లో ఇంకా పెద్దది కొన్నాను. దీనికి పైన ఒకటే జత రెక్కలు, తోక మీద చిన్న ఫ్యాను, అచ్చం అసలు హెలికాప్టర్ లాగానే. ధర కూడా నాలుగింతలు. నాకు టైమ్ లేక డబ్బా విప్పకుండానే వాడికిచ్చి తిరిగి వచ్చేశాను.

వారం తర్వాత ఫోన్ చేస్తే, "బాపూ, గిది ఎడమ దిక్కుకే పోతుంది, గోడకు తాకుతుంది" అన్నాడు. నేనేమన్నానో ఇప్పటికీ గుర్తుంది. "కొత్తది ఎట్ల పోతది? నువ్వే కింద పడేసి ఖరాబు చేసినవ్. పైసలు చెట్లకు కాస్తయా?" అన్నాను. వాడు మళ్లీ మాట్లాడలేదు. హెలికాప్టర్ సజ్జ మీదికి పోయింది.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, అది ఖరాబు కాలేదు. ఒక్క రోటర్ ఉన్న హెలికాప్టర్ పక్కకు పోవడం దాని గుణం. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

సైట్‌లో పనిచేసే వాళ్లకు ఒక మాటతో అర్థమవుతుంది. క్రేన్ కొక్కానికి లోడ్ వేలాడుతుంటే అది గిర్రున తిరగకుండా మనం ట్యాగ్ లైన్ కట్టి పట్టుకుంటాం కదా. హెలికాప్టర్ పైన రెక్కలు ఒక దిక్కుకు తిరిగితే, కింద బాడీ రెండో దిక్కుకు తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపే ట్యాగ్ లైనే తోక ఫ్యాను. ఆ పద్ధతిని నిలబెట్టినవాడు ఇగోర్ సికోర్‌స్కీ. కీవ్‌లో పుట్టి, 1919లో అమెరికా చేరిన వలస మనిషి. మొదట్లో న్యూయార్క్‌లో తనలాంటి వలసవాళ్లకే లెక్కలు చెప్పి బతికాడు. 1939 సెప్టెంబర్ 14న ఆయన వీఎస్-300 అనే హెలికాప్టర్‌ను తనే కూర్చుని లేపాడు. అది కూడా తాళ్లు కట్టే లేపాడు, బోల్తా పడుతుందేమోనని. తర్వాత దాని తోకను ఎన్నో రకాలుగా మార్చి చూసి, చివరికి 1941లో ఒక్క తోక రోటర్ దగ్గర ఆగాడు.

అయితే మనం పట్టుకునే ట్యాగ్ లైన్ లోడ్‌ను తిరగనీయదు గానీ, లాగితే మన వైపు కొంచెం జరుపుతుంది కూడా. తోక ఫ్యాను కూడా అంతే. బాడీ తిరగకుండా ఆపడానికి అది గాలిని ఒక పక్కకు నెడుతుంది, ఆ తోపుడుకు మొత్తం హెలికాప్టరే రెండో పక్కకు జరుగుతుంది. పైనుంచి చూస్తే సికోర్‌స్కీ రోటర్ గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది కాబట్టి అది కుడికి జరుగుతుంది. బొమ్మ హెలికాప్టర్లలో ఎక్కువ భాగం ముల్లు వెంట తిరుగుతాయి కాబట్టి ఎడమకు జరుగుతాయి. మా వాడు చెప్పింది అక్షరాలా నిజం. దానికి మందు కూడా చిన్నదే. గాలిలో నిలబెట్టేటప్పుడు కుడి స్టిక్‌ను కొంచెం కుడికి పట్టి ఉంచాలి. అది కొంచెం కుడికి వాలి నిలబడుతుంది. అసలు హెలికాప్టర్లు కూడా అట్లా ఒక పక్కకు వాలే నిలబడతాయి.

మరి మొదటి బొమ్మ ఎందుకు పక్కకు పోలేదు? దాని రెండు రోటర్లు ఎదురెదురుగా తిరుగుతాయి. ఒకదాని తోపుడు ఇంకోదానితో చెల్లిపోతుంది. తోక మీద నెట్టే ఫ్యాను అవసరం లేదు. అమెరికాలో స్టాన్లీ హిల్లర్ అనే పిల్లగాడు చిన్న రేసు కార్ల బొమ్మలు చేసి అమ్ముతుండేవాడు. 1944లో, 19 ఏళ్ల వయసులో, ఇట్లా ఒకదాని మీద ఒకటి రెండు రోటర్లున్న ఎక్స్‌హెచ్-44ను తయారుచేసి శాన్ ఫ్రాన్సిస్కోలో జనం ముందు ఎగరేశాడు. ఆరేళ్ల మా వాడు పది నిమిషాల్లో నేర్చుకున్నదానికి మూలం ఆ పద్ధతే.

ఇంకో సంగతి. బొమ్మ రెక్కల పైన రెండు చివర్లా బరువులున్న చిన్న కడ్డీ ఉంటుంది, చూశారా? చాలామంది అది అందానికి అనుకుంటారు. ఆర్థర్ యంగ్ అనే ఆయన 1928 నుంచి పన్నెండేళ్లు పైగా చిన్న మోడళ్లే చేసుకుంటూ కూర్చున్నాడు. ఎన్ని చేసినా ఊగి బోల్తా పడేవి. చివరికి రెక్కలకు అడ్డంగా ఒక కడ్డీ పెట్టాడు. బాడీ ఊగినా, తిరిగే కడ్డీ తన తీరు వెంటనే మార్చుకోదు, రెక్కలను కూడా తనతో పాటు సర్దుతుంది. 1941లో తీగతో నడిచే తన మోడల్‌ను బెల్ కంపెనీ వాళ్లకు గదిలోనే ఎగరేసి చూపించాడు. వాళ్లు పని ఇచ్చారు. అందులోంచి వచ్చిన బెల్ 47, 1946 మార్చి 8న అమెరికాలో పౌరులు వాడుకోవడానికి సర్టిఫికెట్ పొందిన మొదటి హెలికాప్టర్ అయింది. అంటే పెద్ద హెలికాప్టర్ చిన్నదానికి తండ్రి కాదు. ఇక్కడ చిన్నదే ముందు పుట్టింది. తర్వాత హిల్లర్ అదే కడ్డీకి చిన్న రెక్కలు తగిలించి, పైలట్ స్టిక్ వాటినే తిప్పేట్టు చేశాడు.

రేడియోతో నడిపే మోడల్‌ను సరిగ్గా ఎగరేసి చూపినవాడు జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్. 1960ల చివర్లో మొదలుపెట్టి, 1970ల మొదట్లో హ్యూయీ కోబ్రా మోడల్ కిట్‌ను బజారులోకి తెచ్చాడు. ఆ రోజుల్లో ఎగరేసేవాళ్ల కష్టం ఏంటంటే, రోటర్‌కు బలం పెంచిన ప్రతిసారీ బాడీ తిరుగుతుంది, వెంటనే బొటనవేలితో తోకను సర్దాలి. బలం తగ్గిస్తే మళ్లీ వెనక్కి సర్దాలి. ఆ కష్టాన్ని తర్వాత ట్రాన్స్‌మిటర్‌లోకి ఎక్కించారు. స్టిక్ పైకి పోతే తోక తనంతట తానే కొంత సర్దుకునేట్టు మిక్సింగ్ పెట్టారు. చిన్న మోటారుతో చక్రం తిప్పే గైరో కూడా వచ్చింది. 1990లలో ముక్కు ఎటు పెడితే అటే పట్టి ఉంచే గైరో వచ్చింది. 2010 నాటికి యంగ్ కడ్డీ పని కూడా చిప్పే చేయడం మొదలుపెట్టింది. మన ఫోన్ అడ్డం తిప్పితే స్క్రీన్ తిరుగుతుంది కదా, ఆ జాతి చిప్పే.

నాకు అర్థమైంది ఇదీ. ట్రాన్స్‌మిటర్ మీద ఉన్న ఒక్కో బటన్ వెనక ఎవరో ఏళ్ల తరబడి కింద పడేసుకున్న హెలికాప్టర్లు ఉన్నాయి. మనకు ఆ బటన్ల అవసరం తెలియక, పడిపోతే పిల్లల్ని తిడతాం.

ఇక ఒక్క రోటర్ బొమ్మ కొన్నవాళ్ల కోసం, నేను నేర్చుకున్నది వరుసగా చెబుతాను.

ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి, లేపే స్టిక్ పూర్తిగా కిందికి ఉంచాలి. ఆ తర్వాతే హెలికాప్టర్‌కు బ్యాటరీ కలపాలి. ఆపేటప్పుడు ముందు హెలికాప్టర్, తర్వాత ట్రాన్స్‌మిటర్. బ్యాటరీ కలిపాక లైట్ నిలకడ అయ్యేదాకా దాన్ని బండ మీద కదలకుండా ఉంచాలి. గైరో ఆ కొన్ని సెకన్లలోనే "కదలకపోవడం అంటే ఇది" అని నేర్చుకుంటుంది. మా వాడు చేతిలో పట్టుకుని కలిపేవాడు. చెయ్యి కదిలితే గైరో తప్పు నేర్చుకుంటుంది, అప్పుడు తోక తిరుగుతూనే ఉంటుంది.

స్టిక్‌లు ఎటున్నాయో చూసుకోండి. మోడ్ 2 అయితే లేపే స్టిక్ ఎడమ చేతికి వస్తుంది, మోడ్ 1 అయితే కుడి చేతికి. ఒకదానితో నేర్చుకున్నవాడు రెండోది పట్టుకుంటే ఖాయంగా పడేస్తాడు. ట్రాన్స్‌మిటర్‌లో డ్యూయల్ రేట్ ఉంటే మొదట తక్కువలో పెట్టండి, స్టిక్ ఎంత తోసినా కొంతే వాలుతుంది. ఎక్స్‌పో ఉంటే 30 శాతం దగ్గర మొదలుపెట్టండి, నడిమిట్ల మెత్తగా ఉంటుంది.

నేలకు జానెడు ఎత్తులో ఆగకండి. అక్కడ తన గాలి మీద తనే జారుతుంది, సబ్బు నీళ్ల మీద కాలు పెట్టినట్టు. ధైర్యంగా మోకాలు ఎత్తుకు లేపి, అక్కడ ఎటు పోతుందో చూసి, దించి, ట్రిమ్ ఒకటి రెండు నొక్కులు మార్చి మళ్లీ లేపండి. మొదట్లో తోక ఎప్పుడూ మన వైపే ఉండాలి. ముక్కు మన వైపు తిరిగితే కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు ఆలోచించకుండా, అది ఏ పక్కకు కుంగితే స్టిక్‌ను ఆ పక్కకే తోయండి, ఒరిగే షట్టరింగ్‌కు కింద ప్రాప్ ఆనించినట్టు.

ఎండలో కారులో బ్యాటరీ వదలకండి. ఊరికి పోయేటప్పుడు విడి లిథియం బ్యాటరీలు చేతి బ్యాగులోనే పెట్టుకోండి. ఇంకో మాట, 2022 జనవరిలో యూఏఈలో సరదాకు ఎగరేసే డ్రోన్లను ఆపేశారు. మీరున్న దేశంలో ఇప్పటి నియమం ఏంటో అడగకుండా క్యాంపు బయట ఏదీ ఎగరేయకండి. నేనైతే గదిలోనే, మంచాలు పక్కకు జరిపి.

పోయినసారి లీవ్‌లో సజ్జ మీద నుంచి ఆ పాత హెలికాప్టర్‌ను దించాను. బ్యాటరీ ఉబ్బిపోయింది, దాన్ని తీసేసి కొత్తది తెచ్చాం. ఒక పండ్ల చక్రం అరిగితే మా వాడే మార్చాడు. ఇప్పుడు వాడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ట్రాన్స్‌మిటర్ వాడి చేతికే ఇచ్చాను. లేచింది. ఎడమకు జారింది. "కుడికి పట్టు, విడువకు" అన్నాను. పట్టాడు. కొంచెం కుడికి వాలి, ఇంటి ముందు అట్లాగే నిలబడింది.

దించాక కాసేపు దాన్నే చూసి, "అంటే అప్పుడు నేను ఖరాబు చెయ్యలేదు గదా బాపూ" అన్నాడు. పదేళ్లు దాటినా ఆ మాట వాడి కడుపులోనే ఉంది.

"లేదు బిడ్డా, నాకే తెల్వదు" అన్నాను.

మనం బొమ్మలు కొనుకపోతాం, డబ్బా చేతికిచ్చి తిరిగి ఫ్లైట్ ఎక్కుతాం. ఈసారి లీవ్‌కు పోతే మొదటి బ్యాటరీ అయిపోయేదాకా పిల్లల పక్కన కూర్చోండి. ఫోన్‌లో పిల్లలు "ఇది ఒక పక్కకే పోతుంది" అంటే, ముందు నిజమేననుకుని అడగండి. మీ హెలికాప్టర్ ఎటు పోతుందో వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో అందరం కలిసి చూద్దాం.