తోడబుట్టిన తోడు

పాలు తోడెయ్యడానికి పక్కింటికి గిన్నె పట్టుకెళ్ళి చెంచాడు పెరుగు అడిగి తెచ్చుకోవడం మనకి కొత్త కాదు. కానీ మూత్రపిండం కూడా ఒకరి దగ్గర పుచ్చుకుని బతకవచ్చని లోకానికి రుజువై ఇంకా నూరేళ్ళు కాలేదు.

1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే, రోనాల్డ్ హెరిక్ మూత్రపిండాన్ని అతని కవల సోదరుడు రిచర్డ్‌కి అమర్చారు. చావు అంచుదాకా వెళ్ళిన రిచర్డ్ లేచి తిరగడమే కాదు, ఆస్పత్రిలో తనకి సేవచేసిన నర్సుని పెళ్ళాడి ఇద్దరు పిల్లల తండ్రయ్యాడు. ఎనిమిదేళ్ళు బతికాడు.

నాకు మాత్రం ఎడిత్ హెల్మ్ కథే ఎక్కువ ఇష్టం. 1956లో, ఇరవయ్యొక్కేళ్ళ ఎడిత్‌కి ఆమె కవల సోదరి వాండా మూత్రపిండం ఇచ్చింది. రెండేళ్ళు తిరక్కుండానే, 1958లో, ఎడిత్ బిడ్డని కన్నది. అవయవ మార్పిడి జరిగిన స్త్రీ తల్లికావడం అదే మొదలు! వాండా ఇచ్చిన ప్రాణంతో ఆమె 2011 దాకా బతికింది.

అయితే అందరికీ కవలలు ఉండరు కదా! పరాయి అవయవం వస్తే ఒళ్ళు ఒప్పుకోదు. కొత్తకోడలితో అత్తగారిలా నాలుగు రోజులకి సర్దుకుంటుందనుకుంటే పొరపాటే. ఏళ్ళు గడిచినా దాని పోరు దానిదే. ఆ పోరుని అణిచే అజాథయోప్రిన్ మందుని తయారుచేసిన ఇద్దరిలో గెర్ట్రూడ్ ఎలియన్ ఒకరు. ఆడదని ఒకప్పుడు ప్రయోగశాలల్లో ఉద్యోగమే ఇవ్వలేదావిడకి! 1988లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన దేశంలో 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మూత్రపిండం మార్పిడి విజయవంతమైంది. అవయవాల అమ్మకాలని నిషేధిస్తూ 1994లో చట్టం వచ్చింది.

ఆపరేషనుతో కథ కంచికి వెళ్ళదు. మందులు వేళతప్పకుండా జీవితాంతం వేసుకోవాలి. అవి రోగాలనెదిరించే శక్తినీ తగ్గిస్తాయి గనక, కాస్త జ్వరం తగిలినా మిరియాల కషాయంతో సరిపెట్టుకోకూడదు. ఎవరో చెప్పారని ఆకుపసరు మింగకూడదు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు ముందే డాక్టరుకి చెప్పాలి. కొన్ని మందులు మార్చాల్సి ఉంటుంది. మన మాట చివరిదాకా విని, అడిగినదానికి విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టరు దొరికితే సగం బలం వచ్చినట్టే. ఇచ్చినవాళ్ళు కూడా ఏటేటా పరీక్షలు చేయించుకోవాలి. ఇది చాలామంది మరిచిపోతారు.

ఎందుకు మరిచిపోతారో తెలుసా? మన దేశంలో బతికుండగా మూత్రపిండం ఇచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. పుచ్చుకునేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. భర్తకీ, కొడుక్కీ ఇవ్వడానికి ఇల్లాలు క్షణం ఆలోచించదు. మంచిదే. కానీ రేపు ఆవిడకే అవసరమొస్తే? ఎడిత్‌కి వాండా ఉంది. మన ఇల్లాలికి ఎవరున్నారో ఇంట్లో ఒక్కసారి అడిగి చూడండి.