నెల్లూరు తీరంలో వామపక్ష యువజన ఉద్యమం: యుద్ధానంతర దశాబ్దం

రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు ఎన్నికలు 1955లో జరిగాయి. ఈ పదేళ్లలో కోస్తా జిల్లాల యువతరం వామపక్ష రాజకీయాల్లోకి ఎందుకు వచ్చింది? ఏమి సాధించింది? ఏమి పోగొట్టుకుంది? ఈ భాగం చదివాక ఈ ప్రశ్నలకు మీరు సొంత మాటల్లో జవాబు చెప్పగలగాలి.

పునాది

యుద్ధానంతర ఉద్యమం ఒక్కసారిగా పుట్టలేదు. దాని వేర్లు 1930వ దశకంలో ఉన్నాయి. పెన్నా డెల్టాలోని అలగానిపాడులో 1913 మే 1న భూస్వామ్య కుటుంబంలో జన్మించిన పుచ్చలపల్లి సుందరయ్య 1930లో మద్రాసులో కళాశాల చదువు వదిలి శాసనోల్లంఘన ఉద్యమంలో చేరి జైలుకు వెళ్లారు. విడుదలయ్యాక సొంత ఊరికి వచ్చి వ్యవసాయ కూలీలను కూడగట్టారు. రాత్రి బడి నడిపారు. సరుకులు చౌకగా దొరికే దుకాణం పెట్టించారు. పేరు చివర ఉన్న కులసూచకాన్ని తీసివేశారు. మద్రాసులో రహస్యంగా పనిచేస్తున్న అమీర్ హైదర్ ఖాన్ ప్రభావంతో కమ్యూనిస్టు అయ్యారు.

ఇక్కడ మీరు గమనించవలసింది పనుల వరుస. ముందు బడి, దుకాణం, కూలి రేటు. ఆ తర్వాత పార్టీ సిద్ధాంతం. మాగాణి భూముల్లో ఏడాది పొడవునా పాలేరుతనం చేసే మనిషికి సోషలిజం అనే మాట కొత్త. తన బిడ్డకు అక్షరాలు నేర్పిన కుర్రవాడు మాత్రం కొత్తవాడు కాడు.

మరో దేశపు యువతతో పోలిక

ఇదే కాలంలో తూర్పు ఐరోపా యూదు యువత కూడా వామపక్ష సంఘాల్లో చేరింది. సుందరయ్య పుట్టిన 1913లోనే గలీషియాలో హషోమెర్ హత్సయిర్ అనే యువజన సంఘం ఏర్పడింది. దాని సభ్యుడైన మొర్దెకాయ్ అనియెలెవిచ్ 1943లో వార్సా ఘెట్టో తిరుగుబాటుకు నాయకత్వం వహించి మరణించాడు. బుంద్ అనే యూదు సోషలిస్టు పార్టీ యువజన విభాగానికి చెందిన మారెక్ ఎడెల్‌మన్ ఆ పోరులో ప్రాణాలతో బయటపడి, యుద్ధం తర్వాత పోలండ్‌లోనే ఉండి వైద్యుడయ్యాడు.

ఆ యువత ముందున్న ప్రశ్న ఇది: పుట్టిన గడ్డమీదే ఉండి సమానత్వం కోసం పోరాడాలా, పాలస్తీనాకు వెళ్లి కొత్త సమాజాన్ని కట్టాలా? బుంద్ మొదటి దారిని, హషోమెర్ హత్సయిర్ రెండో దారిని ఎంచుకున్నాయి. నెల్లూరు యువకుడికి ఊరు విడిచే ప్రశ్న లేదు. అతడు విడవవలసింది ఊళ్లో తనకున్న హోదాను. రెండుచోట్లా ఇంటి పెద్దలతో తెగదెంపులు తప్పలేదు. అయితే యూదు యువత జాతి సంహారం నుంచి మిగిలినది. మన యువతకు అటువంటి గతి పట్టలేదు. పోలిక చేసేటప్పుడు ఈ తేడాను మరవకండి.

మలుపు

కమ్యూనిస్టు పార్టీపై నిషేధం 1942 జూలైలో తొలగింది. యుద్ధాన్ని సమర్థించినందువల్ల పార్టీకి బహిరంగంగా పనిచేసే వీలు దొరికింది. కానీ క్విట్ ఇండియా ఉద్యమంలో జైళ్లకు వెళ్లినవారి దృష్టిలో అది ద్రోహంగా మిగిలింది. లాభం, నష్టం రెండూ ఒకే నిర్ణయం నుంచి వచ్చాయి.

1946 నుంచి తెలంగాణ సాయుధ పోరాటానికి కోస్తా కార్యకర్తలు అండగా నిలిచారు. 1948 ఫిబ్రవరిలో కలకత్తాలో ఆగ్నేయాసియా యువజన సమావేశం, దాని వెంటనే పార్టీ రెండో మహాసభ జరిగాయి. పార్టీ తిరుగుబాటు పంథా పట్టింది. మద్రాసు ప్రభుత్వం అరెస్టులు ముమ్మరం చేసి, 1949 సెప్టెంబరులో పార్టీని నిషేధించింది. కార్యకర్తలు అజ్ఞాతంలోకి వెళ్లారు. అజ్ఞాతవాసి రాత్రి బడి నడపలేడు. ఊరితో రోజువారీ సంబంధం తెగడమే ఈ దశలో ఉద్యమానికి కలిగిన పెద్ద నష్టం. 1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించారు.

అంకెలను ఎలా చదవాలి?

1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభకు ఆంధ్ర ప్రాంతం నుంచి 41 మంది కమ్యూనిస్టులు గెలిచారు. 1955లో 196 స్థానాలున్న ఆంధ్ర శాసనసభలో వారికి దక్కినవి 15. సీట్లు మాత్రమే చూస్తే ప్రజలు వారిని వదిలేశారనిపిస్తుంది. కానీ వారికి వచ్చిన ఓట్లు సుమారు 31 శాతం. కాంగ్రెసు, దాని మిత్రపక్షాలు ఒకే కూటమిగా నిలబడడంతో ఓట్లు సీట్లుగా మారలేదు. సీట్ల సంఖ్య, ప్రజాబలం ఒకటి కావని ఈ ఉదాహరణ చూపుతుంది.

మిగిలినదేమిటి?

ఓటమి తర్వాత కూడా సేవా సంప్రదాయం కొనసాగింది. సుందరయ్య తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాల నడిపి, పల్లె యువకులకు వైద్యంలో తర్ఫీదు ఇచ్చారు. 1990వ దశకం మొదట్లో ఇదే జిల్లాలో సాగిన అక్షరాస్యతా ఉద్యమం నుంచి దూబగుంట మహిళల సారా వ్యతిరేక పోరాటం పుట్టింది. 1993లో రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. రాత్రి బడి నుంచి హక్కుల వైపు సాగే దారి అక్కడా కనిపిస్తుంది.

అభ్యాసం: నాయకుల పేర్లు గ్రంథాల్లో ఉన్నాయి. రాత్రి బడిలో చదువుకున్న కూలీల పేర్లు చాలావరకు లేవు. మీ ఊళ్లో ఎనభై ఏళ్లు దాటిన ఇద్దరిని కలవండి. వారి చిన్ననాటి సంఘాలు, గ్రంథాలయాలు, కూలి తగాదాల గురించి అడిగి, వారు చెప్పింది చెప్పినట్లుగా తేదీ వేసి రాసుకోండి. వారు చెప్పినదాన్ని ఈ పాఠంతో సరిపోల్చి, ఎక్కడ తేడా వచ్చిందో ఒక పేజీలో రాయండి.