ఇంజను క్రింది రబ్బరు

మోటారు కారును గురించి ముచ్చటించేవారు దాని వేగాన్ని చెబుతారు, అది త్రాగే నూనెను లెక్కగడతారు. అంత బరువైన ఇంజను దేనిమీద కూర్చున్నదని అడిగేవారు అరుదు. రెండు ఇనుప పలకల నడుమ అతికించిన రబ్బరు దిమ్మె ఒకటి, అరచేతిలో ఇమిడేది, ఆ భారమంతా మోస్తున్నది. దానికి మౌంటింగు అని పేరు. మెకానిక్కులు కొందరు ఫౌండేషన్ అని కూడా అంటారు. ఇల్లు కట్టేవాని మాట ఇక్కడికి ఎట్లా వచ్చిందో గాని, పేరు తగినట్లే ఉన్నది.

తొలినాళ్ళ కార్లలో ఈ రబ్బరు లేదు. ఇంజనును చట్రానికి బోల్టులతో బిగించేవారు. చట్రం మెలిపడకుండా ఆ ఇంజనే అడ్డుదూలంగా పనిచేసేది కూడా. కాని నాలుగు సిలిండర్ల ఇంజనుకు పుట్టుకతో వచ్చిన అదురు ఒకటి ఉన్నది. అది ఒక్క చుట్టు తిరిగేలోపు రెండు పేలుళ్ళు జరుగుతవి. ప్రతి పేలుడుకూ ఇంజను ఒక ప్రక్కకు ఒరగబోతుంది. ఇదిగాక పిస్టన్ల రాకపోకల వలన చుట్టుకు రెండుసార్లు పైకీ క్రిందికీ కదలిక పుడుతుంది. ఇనుముకు ఇనుము బిగిస్తే ఈ అదురు సీటులో కూర్చున్నవాని వెన్నెముకదాకా ప్రయాణం చేయక మానదు. ధనవంతులు ఆరు, ఎనిమిది సిలిండర్ల కార్లు కొనుక్కొని తప్పించుకున్నారు. తక్కినవారు ఓర్చుకున్నారు.

1931లో అమెరికాలో క్రైస్లర్ సంస్థ తన ప్లిమత్ కారులో ఒక కొత్త ఏర్పాటు చేసింది. ముందువైపు ఎత్తున ఒకటి, వెనుక గేరుపెట్టె క్రింద ఒకటి, రెండు రబ్బరు ఆధారాలపై ఇంజనును ఊయలలో బిడ్డను వేసినట్లు వేలాడదీశారు. ఆ రెండింటినీ కలిపే గీత ఇంజను గరిమనాభి గుండా పోయేటట్లు అమర్చడంలోనే ఉన్నది నేర్పంతా. ఊగే వస్తువును దాని సహజమైన ఇరుసుపై ఊగనిస్తే అది చుట్టుప్రక్కల వాటిని కుదపదు. ఈ ఏర్పాటుకు ‘ఫ్లోటింగ్ పవర్’, అనగా తేలియాడే శక్తి, అని పేరు పెట్టారు. మరుసటి ఏడే ఫ్రాన్సులో సిత్రోయెన్ సంస్థ ఆ హక్కును తీసుకొని, తన కార్ల ముందు నీటిపై తేలే హంస బొమ్మను తగిలించింది. వ్యాపారపు బొమ్మలలో ఇంత అర్థవంతమైనది మేము మరొకటి చూడలేదు.

అయితే రబ్బరుకు శత్రువులు ఎక్కువ. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో కాచి దానికి నిలకడ తెచ్చాడు. 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుండి గింజలను లండను క్యూ తోటకు చేర్చగా, అక్కడ మొలిచిన మొక్కలు సింహళానికీ, మలయాకూ చేరినవి. ఇన్ని సముద్రాలు దాటిన ఆ పదార్థం ఎండకు గట్టిపడి బీటలు వారుతుంది. ఇంజను నూనె తగిలితే ఉబ్బి, మెత్తబడి, ఇనుప పలకను వదలివేస్తుంది.

ఇక మా రాయదుర్గం సంగతి. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లా నుండి విడివడి అనంతపురంలో కలిసిన తాలూకా ఇది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా. వేసవిలో కొండకోట రాళ్ళు రాత్రిదాకా వేడిని విడువవు. కణేకల్లు వైపు వేదవతి ఇసుక దిబ్బలై పొలాలమీదికి నడుస్తుంది. జిల్లా మారినా, జబ్బుచేస్తే మావారి చూపు బళ్ళారి వైపే ఉండేది. ఆ దారిన నడిచిన కార్లలో చాలా భాగం అంబాసిడర్లే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాగా 1957 నుండి ఉత్తరపారాలో తయారై, 2014లో నిలిచిపోయిన కారు అది. దానికి వేరే చట్రం లేదు, ఒళ్ళే చట్రం. కనుక మౌంటింగు చెడితే అదురు సూటిగా పైకప్పుదాకా పోతుంది.

మా నాయనగారికి అటువంటిది ఒకటి ఉండేది. 1996 వేసవిలో మూడు నెలలపాటు అది వణికింది. క్లచ్చి వదలినప్పుడల్లా ముందునుండి ‘ధన్’ మని చప్పుడు. ఆయన ప్లగ్గులు మార్చారు, కార్బురేటరు విప్పి కడిగారు. వీధి చివరి మెకానిక్కు ఒకసారి వంగి చూచి, “పీట ఇరిగితే కూసున్నోణ్ణి తిడితే ఏం లాభం సామీ?” అన్నాడు. ఆ మాట విని కూడా, కోతలు కానీ, చూద్దామని వాయిదా వేశారు.

ఒక రాత్రి ప్రక్కింటి కోడలికి నొప్పులు వచ్చినవి. ఆమెనూ, ఆమె అత్తగారినీ ఎక్కించుకొని బళ్ళారికి బయలుదేరారు. సగం దారిలో కల్వర్టు దగ్గర గట్టిగా బ్రేకు వేయగానే ఇంజను ముందుకు దూకింది. ఫ్యాను రెక్కలు రేడియేటరులోకి దిగబడినవి. ఉన్న నీరంతా ఎండిన దారిమీద పడి క్షణంలో ఇంకిపోయింది. దీపాలు వెలుగుతున్నా కారు కదలదు; కనుచూపు మేరలో ఊరు లేదు. గంట తరువాత వేరుశెనగ లారీ ఒకటి ఆగి వారిని ఎక్కించుకొన్నది. తల్లీ బిడ్డా క్షేమమే. కాని ఆ గంటను గురించి నాయనగారు మాతో ఎన్నడూ మాట్లాడలేదు. ప్రక్కింటివారు ఒక్క మాట అనకపోవడమే ఆయనను ఎక్కువగా బాధించిందని మాకు తోస్తుంది.

ఇటువంటి చోట్ల మావంటివారి నిర్లక్ష్యమే కాదు, పెద్ద సంస్థల నిర్లక్ష్యమూ చరిత్రకెక్కింది. 1971 డిసెంబరులో జనరల్ మోటార్స్ సుమారు 67 లక్షల షెవ్రొలే కార్లను, చిన్న ట్రక్కులను వెనుకకు పిలిచింది. వాటి మౌంటింగు విడిపోతే ఇంజను పైకి లేచి యాక్సిలరేటరు కడ్డీని తనంతట తానే లాగేది. బ్రేకుకు తోడ్పడే గొట్టమూ ఊడే ప్రమాదముండేది. నివారణగా ఇంజను లేవకుండా ఒక ఉక్కు తాడు కట్టి పంపారు.

నాయనగారు ఈసారి పనిని ఎవరికీ అప్పగించలేదు. పెరటి వేపచెట్టు క్రింద చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, బ్యాటరీ తీగ తీసివేసి, ఇంజను నూనెతొట్టి క్రింద చెక్కపలక, దాని క్రింద జాకీ పెట్టారు. పలక లేకుంటే తొట్టి సొట్టపడుతుంది. బరువు రబ్బరుమీదినుండి తొలగేటంత మాత్రమే, బొటనవేలి మందాన, పైకి లేపారు. మా పని రేడియేటరు గొట్టాలు సాగకుండా, ఫ్యాను దేనికీ తగలకుండా కనిపెట్టి ఉండడం. రెండు ప్రక్కలా ఒక్కసారి విప్పితే ఇంజను జారుతుంది గనుక ఒకటి పూర్తయిన తరువాతనే రెండవది. బోల్టులు వదులుగా ఎక్కించి, ఇంజనును దించి, అది తన చోట కుదురుకొన్నాకనే బిగించారు. గేరుపెట్టె క్రింది పాతదాన్ని కూడా మార్చారు. అది కుంగి ఉంటే కొత్తవాటిని వంకరగా లాగుతుంది.

అయినా ఆరు నెలలకు ఒక ప్రక్కది మళ్ళీ బంకబంకగా మారింది. దానిపైన టాపెట్ మూత నుండి నూనె బొట్టుబొట్టుగా కారుతున్నది. మొదటిసారి ఆ మరకను తుడిచామే గాని, ఎక్కడిదని చూడలేదు. రెండవసారి కార్కు ప్యాకింగు మార్చి, ఒక దినమంతా క్రింద పాత కాగితం పరచి, చుక్క పడలేదని చూచిన తరువాతనే కొత్త రబ్బరు ఎక్కించారు.

ఆ సాయంత్రం ఇంజనును నడిపించి, స్టీరింగు ముందరి పలకమీద నిండు గ్లాసు నీళ్ళు పెట్టారు. నీటిమీద సన్నని వలయాలు లేచినవి గాని చుక్క ఒలకలేదు. నాయనగారు చాలాసేపు చూచి, ఇంజను ఆపి చల్లారనిచ్చి, ఆ గ్లాసు నీటిని రేడియేటరులో పోసి మూత బిగించారు.