రెమిషన్: బళ్లారి సీమ శిస్తులో తగ్గింపు

సర్కారు తనకు రావలసిన శిస్తులో కొంత గానీ మొత్తం గానీ వదులుకోవడం రెమిషన్. ఇంగ్లీషులో దీని క్రియారూపం 'రెమిట్'. లాటిన్‌లో దాని తొలి అర్థం వెనక్కి పంపడం. చిత్రంగా ఆ క్రియకు సొమ్ము కట్టడం, సొమ్ము వదిలెయ్యడం రెండూ అర్థాలే. ఖజానాకు డబ్బు చేరితే రెమిటెన్స్, చేరనక్కర్లేదంటే రెమిషన్. ఖైదీ శిక్షాకాలం తగ్గినా, జబ్బు తగ్గుముఖం పట్టినా ఇదే మాట. రెవెన్యూ లెక్కల్లో దీన్నే వజా అనీ, మాఫీ అనీ రాసేవారు.

రెమిషన్ వేరు, శిస్తు రేటు తగ్గించడం వేరు. వాన ఎగ్గొట్టిందనో, చెరువు నిండలేదనో జమాబందిలో, అంటే ఏటేటా శిస్తు తేల్చే లెక్కలో, ఆ ఒక్క ఏటికి ఇచ్చేది రెమిషన్. మరుసటేడు మళ్లీ పాత శిస్తే. రేటు తగ్గిస్తే ఆ తగ్గింపు ఏటేటా నిలుస్తుంది. బళ్లారి ఉన్న దత్తమండలాల్లో అసలు పేచీ ఇక్కడే వచ్చింది.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలం పొలం కొలిపించి శిస్తు కట్టించాడు. వెళ్లిపోయే ఏడాది మాత్రం ఆ శిస్తులోనే 25 శాతం కోయమని పైవాళ్లకు రాశాడు. బావుల కింది భూములకు ఇంకో 8 శాతం తగ్గించమన్నాడు. ఇది దయాధర్మం కాదు, లెక్క. ఏటేటా రెమిషన్ కావాలంటే రైతు తన లేమిని కరణం ముందు, అమీల్దారు ముందు రుజువు చేసుకోవాలి. శిస్తు తేలికగా, స్థిరంగా ఉంటే మంచి ఏటి మిగులు చెడ్డ ఏటికి ఆసరా అవుతుంది, భూమికీ అమ్ముడు ధర వస్తుంది. మద్రాసు ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఊళ్లను మొదట మూడేళ్ల గుత్తకు, తర్వాత పదేళ్ల గుత్తకు ఇచ్చి చూసి చేతులు కాల్చుకుంది. 1820లో మన్రో గవర్నరై తిరిగొచ్చాకే తగ్గింపు అమలైంది. 1827లో పర్యటనలో ఉండగా పత్తికొండలో కలరాతో చనిపోయాడు.

తగ్గించడమంటే రైతుకు మేలేనని అనుకోనక్కర్లేదు. 1876–78 కరువులో బళ్లారి బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. 1877లో భారత ప్రభుత్వం కరువు ప్రతినిధిగా పంపిన రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనుల్లో మగకూలీ గింజల కొలతను రోజుకు ఒక పౌనుకు, అంటే సుమారు 450 గ్రాములకు, దించాడు. ఆ తిండితో మనిషి పనిచెయ్యలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆ ఏడే కొలత మళ్లీ పెంచక తప్పలేదు.

1953 అక్టోబరు 1న బళ్లారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. ఇప్పుడు రైతు నోట శిస్తు కన్నా బ్యాంకు అప్పు మాటే ఎక్కువ. ఇటువైపు రుణమాఫీ, అటువైపు సాల మన్నా. ఇందులో అప్పు ఇచ్చిన బ్యాంకు వదులుకునేది లేదు, ఆ బాకీని ప్రభుత్వం ఖజానా నుంచి కడుతుంది.