న్యాయవిద్యార్థుల పాఠసహాయం, శిక్షణ: ఉస్మానియా, తార్నాక

ఎల్ఎల్‌బి చదివేవారికి తరగతి బయట దొరికే తోడ్పాటు ఈ వ్యాస విషయం. సీనియర్లు చెప్పే పాఠాలు, గైడ్లు, చేతిరాత నోట్సు, మూట్ కోర్టు (కల్పిత కేసు వాదన) సాధన, పోటీపరీక్షల కోచింగు అన్నీ ఇందులోకే వస్తాయి. హైదరాబాదులో వీటికి ఉస్మానియా ప్రాంగణం, దాన్ని ఆనుకున్న తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్, అడిక్‌మెట్ పేటలు చాలాకాలంగా నెలవు. ఇక్కడి విద్యార్థిని చట్టం కన్నా, చట్టాన్ని చెప్పిన భాషే ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

నిజాం రాజ్యంలో కోర్టుల భాష ఉర్దూ. వకాలతు పరీక్ష రాయదలచినవాడు పేరున్న వకీలు దగ్గర చేరి, దస్తావేజులు నకలు చేస్తూ పని నేర్చుకునేవాడు. ఇంగ్లీషులో బి.ఎల్. పట్టా కావాలంటే రాజ్యం దాటి వెళ్ళాల్సిందే. సురవరం ప్రతాపరెడ్డి అలా వెళ్ళి చదివి వచ్చినవారే.

1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనాభాషగా పెట్టుకుంది. దానికి ఏడాది ముందే ఏర్పడిన దారుల్ తర్జుమా అనే అనువాదశాఖకు తొలి రోజుల్లో మౌల్వీ అబ్దుల్ హఖ్ నాయకత్వం వహించారు. మిగతా శాస్త్రాలతో పాటు న్యాయశాస్త్ర గ్రంథాలనూ ఈ శాఖ ఉర్దూలోకి తెచ్చింది, పారిభాషిక పదాలను కూర్చింది. లా విద్యార్థికి అర్థమయ్యేలా పుస్తకం సమకూర్చే పని సంస్థే నెత్తికెత్తుకున్న కాలం అదొక్కటే అనిపిస్తుంది. ఉస్మానియాలోనే చదివి, ఐరోపాలో డాక్టరేట్ చేసి వచ్చిన ముహమ్మద్ హమీదుల్లా ఇక్కడే అంతర్జాతీయ న్యాయం బోధించారు. అయితే తెలుగు ఇళ్ళ పిల్లలకు ఆ ఉర్దూ కూడా బడిలో నేర్చుకున్న భాషే.

1948 పోలీసు చర్య తరువాత ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుణ్యమా అని ఇంటర్, డిగ్రీ పాఠ్యపుస్తకాలు తెలుగులో దొరికాయి. దాంతో డిగ్రీ దాకా తెలుగులో చదివిన కుర్రాడు లా కాలేజీ గడప తొక్కగానే ఒక్కసారిగా ఇంగ్లీషు సెక్షన్ల మధ్య పడేవాడు. మూడేళ్ళ ఎల్ఎల్‌బిలో చేరే ఉద్యోగులకు, చదువు ఆపి చాలా ఏళ్ళయినవారికి ఇది మరీ కష్టం. ఈ ఖాళీలోకే గైడు వచ్చింది. గాదె వీరారెడ్డి పుస్తకాల వంటివి తేలిక ఇంగ్లీషులో, ప్రశ్నకు జవాబు అన్న పద్ధతిలో తెలుగు ప్రాంతాల లా విద్యార్థులందరికీ చేరాయి. తెలుగులో చట్టాలను వివరించే పుస్తకాలూ వచ్చాయి. న్యాయమూర్తిగా పనిచేసిన కవి మంగారి రాజేందర్, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన మాడభూషి శ్రీధర్ ఈ బాటలో విరివిగా రాశారు.

గైడును ఆచార్యులు చిన్నచూపు చూడడం మామూలే. అది లేకపోతే సగంమంది మొదటి సెమిస్టరులోనే చేతులెత్తేసేవారన్నదీ కాదనలేం. దాని లోటు బయటపడేది ‘ప్రాబ్లం’ దగ్గర. ఉస్మానియా ఎల్ఎల్‌బి ప్రశ్నపత్రంలో 80 మార్కులకు షార్ట్ నోట్సు, వ్యాస ప్రశ్నలు పోగా, చివరి భాగంలో కల్పిత వివాదాలు ఇచ్చి పరిష్కరించమంటారు. హాస్టల్ గదుల్లో సీనియర్లు ఎక్కువ సేపు కూర్చోబెట్టేది దీనికోసమే.

ఒక నమూనా చూద్దాం. పదిహేడేళ్ళవాడు ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు. అప్పిచ్చినవాడు వసూలుకు దావా వేశాడు. కొత్త విద్యార్థి కథంతా మళ్ళీ రాసి, ‘తీసుకున్న డబ్బు ఇవ్వడం న్యాయం’ అని ముగిస్తాడు. సీనియర్ దాన్ని కొట్టేసి, తేలాల్సిన ప్రశ్న ఏమిటో ముందు ఒక్క వాక్యంలో రాయమంటాడు. తరువాత 1872 కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్, దాని వెనకే మోహరీ బీబీ కేసులో 1903 నాటి ప్రివీ కౌన్సిల్ తీర్పు రావాలి. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటినుంచీ చెల్లదు. చాలామంది జవాబు ఇక్కడితో ఆగిపోతుంది. 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 33వ సెక్షన్ కింద, ఆ ఒప్పందం వల్ల మైనరు పొందిన లాభం మేరకు తిరిగి ఇమ్మని కోర్టు ఆదేశించవచ్చు. కంఠతా పట్టినవాడికీ బేర్ యాక్ట్ తిరగేసినవాడికీ తేడా ఈ చివరి మెట్టు దగ్గరే తెలుస్తుంది.

జవాబు రాతకు తోడు వాదన సాధనా వచ్చింది. 1990ల చివరలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మూట్ కోర్టు, డ్రాఫ్టింగు వంటి ఆచరణ పేపర్లను తప్పనిసరి చేసింది. 1998లో హైదరాబాదులో నల్సార్ ఏర్పడ్డాక మూట్ పోటీలకు ఊపు వచ్చింది. విశ్వవిద్యాలయాల్లో వెనుకబడిన వర్గాల విద్యార్థులకు యూజీసీ నిధులతో రెమీడియల్ కోచింగు పథకం కూడా నడిచింది.

ప్రవేశాల కోచింగు కథ వేరు. లా కాలేజీ ప్రవేశపరీక్ష లాసెట్‌లో 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు, అందులో సగం న్యాయ అభిరుచివి. దీనికి చాలామంది పాత ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించుకుని సొంతంగానే చదువుకుంటారు. ఇక న్యాయవాదిగా ప్రాక్టీసు చేయడానికి రాయాల్సిన ఆలిండియా బార్ పరీక్ష 2011 మార్చిలో మొదలైంది. మొదట్లో పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాయనిచ్చారు. తరువాత వ్యాఖ్యల్లేని బేర్ యాక్టులకే అనుమతి మిగిలింది. గైడుకు తలుపు మూసినట్లయింది. ఈ పరీక్ష చెల్లుతుందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియమ్ అమల్లోకి రావడంతో క్రిమినల్ నోట్సన్నీ పాతబడ్డాయి. హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ 302 నుంచి 103కు మారింది. 420 అంటే మోసమని ఊరందరికీ తెలుసు, ఇప్పుడది 318లో నాలుగో ఉపసెక్షన్. అంతకుముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది కాబట్టి విద్యార్థి రెండు పట్టికలూ మోయక తప్పదు.

జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలన్న నిబంధనను 2025 మే 20న సుప్రీంకోర్టు మళ్ళీ తెచ్చింది. అప్పటికే నోటిఫికేషన్ వెలువడిన నియామకాలను మినహాయించింది. పట్టా చేతికి రాగానే హాస్టల్ నుంచి నేరుగా జడ్జి కోచింగుకు వెళ్ళే దారి అలా మూసుకుపోయింది. ఇప్పుడు ముందు ఒక సీనియర్ న్యాయవాది ఆఫీసులో చేరి, వాయిదాలు చూసుకుంటూ, పొద్దుగూకాక పుస్తకం తెరవాల్సిందే.