బల్లకు ముందు తీరాల్సిన బాకీ: తెలుగు పల్లె సంఘంలో క్షమ, చేదు

ఈమధ్య మన వేదాంత కళాశాలల నుంచి క్షమాపణ మీద వస్తున్న పరిశోధన పత్రాలన్నిటిలో నాకు ఒకే మనిషి గొంతు వినిపిస్తోంది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్ సెమినరీలో నీతిశాస్త్రం బోధించిన లూయిస్ స్మీడ్స్ గొంతు అది. 1984లో ఆయన రాసిన 'ఫర్గివ్ అండ్ ఫర్గెట్' పేరు కొందరు చెబుతారు, చాలామంది చెప్పరు. వాదన మాత్రం అందరిదీ అదే. గాయం తగులుతుంది, ద్వేషం పుడుతుంది, మనసు మానుతుంది, వీలైతే ఇద్దరూ మళ్ళీ కలుస్తారు. ఈ నాలుగు మెట్లలో స్మీడ్స్‌కు ప్రాణమైనది మూడోది. క్షమించినవాడు మొదట తనను తానే చెరనుంచి విడిపించుకుంటాడని ఆయన చెప్పిన మాట మన ఉజ్జీవ కూటాల్లోకి, స్త్రీల సమాజాల్లోకి, టీవీ ప్రసంగాల్లోకి ఎప్పుడు వచ్చి చేరిందో ఎవరూ గమనించలేదు. చేదు తీసెయ్యి, లేకపోతే నిన్నే తినేస్తుంది అని వాక్యం చెప్పేవారు ఇప్పుడు అలవోకగా అంటారు. ఎదుటివాడు ఏం తిన్నాడో, తిన్నది తిరిగి ఇచ్చాడో లేదో అడిగేవారు తక్కువ.

గుంటూరు, బాపట్ల ప్రాంతాల పల్లె సంఘాల్లో తిరిగినప్పుడు నేను చూసిన పద్ధతికి, ఈ బోధకూ పొంతన లేదు. ఈ వ్యాసం పుట్టింది ఆ తేడాలోంచే.

అక్కడ ప్రభువు బల్ల ఇచ్చే సంస్కారపు ఆదివారానికి ముందు వారం సంఘపెద్దలకు తీరిక ఉండదు. గట్టు తగాదా పడ్డ అన్నదమ్ములు, చీటీ డబ్బు ఎగ్గొట్టిన మనిషి, పెట్టుపోతల దగ్గర మాటలు మానేసిన వియ్యంకులు, అందరి ఇళ్ళకూ వెళ్ళి కూర్చోవాలి. అడిగే ప్రశ్న ఒకటే: "సమాధానపడ్డారా?" ఒక సంఘంలో భర్త పోయిన ఒకామె ప్రతి ఆదివారం గుడికి వచ్చేది, బల్ల ఉన్న ఆదివారం మాత్రం వెనక వరసలో కూర్చుని లేచేది కాదు. ఆమె నానుతాడు మరిది అవసరానికని తీసుకెళ్ళి తాకట్టు పెట్టాడు, విడిపించలేదు. పాస్టరు గారు అడిగితే ఆమె చెప్పిన జవాబు: "ఆడి మీద నాకు పగేం లేదు అయ్యగారూ. నా నానుతాడు నాకియ్యమనండి, ఇద్దరం కలిసే బల్లకొస్తాం." చేదును గురించి ఆమెకెవరూ వాక్యం చెప్పలేదు. పెద్దలు మరిది ఇంటికి నడిచారు. అతన్ని కూడా బల్లకు దూరంగా ఉంచారు. పంట డబ్బు చేతికొచ్చాక అతను నగ విడిపించి, నలుగురి ఎదుట ఆమె చేతికిచ్చి, వదినా తప్పయింది అన్నాడు. ప్రార్థన చేశారు. ఆమె మనసు మానిందా లేదా అని ఒక్కరూ అడగలేదు. అడిగితే ఆమెకు నవ్వొచ్చేదేమో.

ఇక్కడ క్షమ అనేది సాక్షుల ఎదుట తీరే లెక్క. చేదు అనేది ఆ లెక్క తీరలేదని సంఘానికి తెలియజేసే ఫిర్యాదు. నా ప్రతిపాదన ఇదే.

ఇది పల్లెవాళ్ళ మొరటుతనమనీ, సువార్త లోతు వాళ్ళకందలేదనీ అనుకునేవారు ఒంగోలు బాప్టిస్టు మిషను చరిత్రను ఒకసారి తిరగెయ్యాలి. ఆ మిషను నడిపిన జాన్ క్లౌ జ్ఞాపకాలు, ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ కలం నుంచి 1914లో 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్'గా వెలువడ్డాయి. పల్లెలో అప్పటికే ఉన్న పెద్దల వ్యవస్థ మీదే సంఘాన్ని నిలబెట్టాలనీ, అమెరికా సంఘాల అచ్చును తెచ్చి ఇక్కడ దించకూడదనీ ఆ పుస్తకం గట్టిగా వాదిస్తుంది. మాదిగ పెద్దలు బాప్తిస్మం తీసుకుని వచ్చినప్పుడు తగవు తీర్చే విద్యను ఇంటి దగ్గర వదిలి రాలేదు. 1876-78 కరవు తర్వాత వేల సంఖ్యలో జనం సంఘంలోకి వచ్చినప్పుడు వాళ్ళను కలిపి ఉంచింది ఈ పెద్దరికమే. అంటే నేను చూసిన ఆ నానుతాడు పంచాయతీకి నూరేళ్ళ పైబడిన వంశవృక్షం ఉంది.

ఇప్పుడు లేఖనం దగ్గరకు వద్దాం. చేదు మీద చెప్పే ప్రసంగాలన్నిటికీ మూలపాఠం హెబ్రీ 12:15. అక్కడి చేదు వేరును ప్రతి ప్రసంగీకుడూ విశ్వాసి గుండెలో మొలిచిన పగగానే చూస్తాడు. ఆ పోలిక ద్వితీయోపదేశకాండం 29:18 నుంచి వచ్చింది. మోయాబు దేశంలో నిబంధన చేసుకుంటున్న జనం మధ్య నిలబడి, అన్యదేవతల వైపు మనసు తిప్పుకుని కూడా నాకేం కాదులే అనుకునే మనిషి లేదా కుటుంబం లేదా గోత్రం, అదీ ఆ వేరు. హెబ్రీ పత్రికలో ఆ వెంటనే వచ్చే ఉదాహరణ కూడా జ్యేష్ఠత్వాన్ని ఒక పూట కూటికి అమ్ముకున్న ఏశావే. తమ్ముడి మీద ఏశావు పెట్టుకున్న పగ ఆ చోట ప్రస్తావనకే రాదు. కాబట్టి చేదు వేరు అంటే గాయపడిన మనిషి కాదు, సంఘంలో కూర్చుని నిబంధనను తేలిగ్గా తీసుకునేవాడు. నా ఉదాహరణలో ఆ వేరు మరిది, వదిన కాదు. ఎఫెసీ 4:31లో పౌలు సమస్తమైన ద్వేషాన్నీ కోపాన్నీ విసర్జించమన్న మాట ఉంది నిజమే, అయితే అది పరస్పరం మాట్లాడుకునే తీరుకు సంబంధించిన మాట.

చేదును లేఖనం ఎలా తీరుస్తుందో చూడాలంటే నయోమి కథ దగ్గర ఆగాలి. మన పరిశోధకులు ఈ గ్రంథాన్ని రూతు విధేయతకు, బోయజులో క్రీస్తు ఛాయకు కేటాయించేసి నయోమిని ముసలి అత్తగా మూల కూర్చోబెట్టారు. ఆమె బేత్లెహేము చేరగానే చేసిన మొదటి పని తన చేదును బజారులో ప్రకటించడం. నన్ను నయోమి అనవద్దు, మారా (చేదు) అనండి అని ఆడవాళ్ళ ఎదుట అంది. నిండుగా వెళ్ళాననీ, దేవుడు నన్ను ఖాళీగా తీసుకొచ్చాడనీ లెక్క చెప్పింది. ఈ మాటలకు ఆమెను మందలించినవాళ్ళు లేరు. దేవుడి మీదే నేరం మోపుతున్నావని, ముందు మనసు బాగుచేసుకోమని, ప్రార్థన గదిలోకి వెళ్ళమని ఎవరూ అనలేదు. కథకుడు వెంటనే చెప్పేది యవల కోత మొదలైందని.

అక్కడినుంచి ఆమె చేదు కరిగే మార్గమంతా సరుకులో, పొలంలో, సాక్షుల్లో నడుస్తుంది. రూతు పరిగె ఏరి తెచ్చిన గింజలు మొదటిది. కళ్ళం దగ్గర బోయజు ఆరు కొలల యవలు ఇచ్చి, ఖాళీ చేతులతో మీ అత్త దగ్గరకు వెళ్ళవద్దని చెప్పి పంపడం రెండోది. నయోమి మొదటి అధ్యాయంలో ఖాళీగా వచ్చానని పెట్టిన మొరకు మూడో అధ్యాయంలో జవాబు గింజల రూపంలో వచ్చింది. తర్వాత ఊరి గవిని దగ్గర పదిమంది పెద్దలను కూర్చోబెట్టి, దగ్గరి బంధువును పిలిచి, పొలం సంగతి తేల్చి, చెప్పు విప్పి ఇచ్చే తంతు. ఆ గవిని దగ్గర కూర్చున్న పదిమందినీ నేను బాపట్ల జిల్లాలో చూశానని చెప్పడానికి నాకేం సంకోచం లేదు. చివరికి బిడ్డ ఒడిలోకి వచ్చాక, మొదట ఆమె మొర విన్న ఊరి ఆడవాళ్ళే నయోమికి కొడుకు పుట్టాడు అంటారు. మారా అనే పేరు మొదటి అధ్యాయం దాటి ఎక్కడా వినిపించదు. నయోమి చేదు దేవుడి మీదే గానీ తనకు ద్రోహం చేసిన మనిషి మీద కాదన్న అభ్యంతరం రావచ్చు. పోయిన పొలం, పోయిన అండ తిరిగి వచ్చిన తీరు మాత్రం దానివల్ల మారదు.

కొత్త నిబంధనలోనూ ఇదే దారి. మత్తయి 18లో ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగిన ప్రశ్న నుంచే ప్రసంగాలు మొదలవుతాయి. దానికి ముందున్న 15, 16, 17 వచనాల్లో వెళ్ళి తప్పు తెలియజేయమని, వినకపోతే ఒకరిద్దరు సాక్షులను తీసుకెళ్ళమని, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పమని ఉంది. మత్తయి 5లో కానుక బలిపీఠం దగ్గర వదిలి వెళ్ళాల్సింది ఎవరి మీద సహోదరుడికి ఫిర్యాదు ఉందో ఆ మనిషే. అక్కడ నడవాల్సిన దూరం తప్పు చేసినవాడిది. జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాకే ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్న మాట వస్తుంది. ఒనేసిము విషయంలో ఫిలేమోనుకు ఏమైనా నష్టం ఉంటే నా లెక్కలో వేసుకోమని, నేనే తీరుస్తానని పౌలు స్వయంగా చేతిరాతతో రాసిచ్చాడు. మన ఊళ్ళో దాన్ని నోటు రాసివ్వడం అంటారు. 2 తిమోతి 4లో, తనకు చాలా కీడు చేసిన కంచరివాడు అలెక్సంద్రుకు ప్రభువే ప్రతిఫలమిస్తాడని, నువ్వూ జాగ్రత్తగా ఉండమని రాసిన చేయే, రెండు వచనాల తర్వాత తనను విడిచిపోయినవారి మీద ఆ నేరం మోపబడకూడదని రాసింది. భయపడి తప్పుకున్నవాళ్ళకు ఒక లెక్క, పనిగట్టుకుని కీడు చేసినవాడికి ఒక లెక్క. నిలబడి ప్రార్థన చేసేటప్పుడు క్షమించమని మార్కు 11 చెబుతుంది గానీ, ఆ ఒక్క వచనం మీద స్మీడ్స్ అంత ఇల్లు కట్టలేం.

స్మీడ్స్‌కు న్యాయం చేయాలంటే ఒక మాట అనాలి: క్షమించడమంటే తప్పును ఒప్పనడం కాదనీ, సహించి ఊరుకోవడం కాదనీ ఆయన రాశాడు. వేదాంతి గ్రెగరీ జోన్స్ 1995లోనే 'ఎంబాడీయింగ్ ఫర్గివ్‌నెస్'లో ఆయన్ను గట్టిగా తప్పుపట్టాడు. అయినా జోన్స్ విమర్శ మన గ్రంథాలయాల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది, స్మీడ్స్ మాత్రం మైకు దాకా వెళ్ళాడు. కారణం ఊహించడం కష్టం కాదు. బాధపడ్డవాణ్ణి మనసు మార్చుకోమనడానికి ధైర్యం అక్కర్లేదు. బాకీ ఉన్నవాడు సంఘానికి పెద్ద కానుక ఇచ్చేవాడైతే ఇంకా సులువు.

స్మీడ్స్ పక్షానికి మన దేశంలో దొరికే గొప్ప సాక్షి గ్లాడిస్ స్టెయిన్స్. 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక ఒరిస్సాలోని కెందుఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో, బండిలో నిద్రపోతున్న ఆమె భర్త గ్రాహం స్టెయిన్స్‌నీ, కొడుకులు పదేళ్ళ ఫిలిప్‌నీ, ఆరేళ్ళ తిమోతినీ తగలబెట్టారు. బారిపదాలో ఉన్న గ్లాడిస్ హంతకుల మీద తనకు కక్ష లేదని, క్షమించానని చెప్పింది. ఈ ఒక్క వాక్యాన్ని తెలుగు ప్రసంగాలు నమిలి నమిలి పిప్పి చేశాయి. ఆమె చేసిన మిగతా పనులు ఎవరికీ పట్టవు.

ఆమె వెంటనే ఆస్ట్రేలియా వెళ్ళిపోలేదు. గ్రాహం 1965 నుంచి పనిచేసిన మయూర్‌భంజ్‌లోనే, కుష్ఠురోగుల ఆశ్రమం పనిని పట్టుకుని 2004 దాకా ఉంది. ఆ ఏడే బారిపదాలో గ్రాహం పేరిట ఆసుపత్రి వచ్చింది. ఈ హత్యలను విచారించిన జస్టిస్ వాధ్వా కమిషన్‌కు ఆమె అఫిడవిట్ ఇచ్చింది. 2003లో ఖుర్దా కోర్టు ప్రధాన నిందితుడు దారా సింగ్‌కు మరణశిక్ష, మరో పన్నెండు మందికి యావజ్జీవం వేసినప్పుడు కూడా, తన క్షమ వేరు, నేరానికి చట్టం వేసే శిక్ష వేరు, రెండూ కలపవద్దన్నది ఆమె వైఖరి. 2005లో హైకోర్టు దారా సింగ్ శిక్షను యావజ్జీవానికి తగ్గించి, పదకొండు మందిని వదిలేసింది. 2011 జనవరి 21న సుప్రీంకోర్టు ఆ యావజ్జీవాన్నే ఖాయం చేసింది. ఈ పన్నెండేళ్ళలో ఆమె క్షమ వల్ల కేసు ఆగలేదు, కేసు వల్ల క్షమ చెడలేదు. మనసు మాన్పుకునే ప్రక్రియలో ఇది మూడో మెట్టా, నాలుగో మెట్టా అని స్మీడ్స్ శిష్యులు తేల్చుకోవాలి. నాకు కనిపించేది పౌలు రాతలోని ఆ రెండు లెక్కలు.

ఇదే వెలుగులో చుండూరు దళితుల పోరాటాన్ని చదవాలి. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. చనిపోయినవాళ్ళను వాళ్ళ వాడవాళ్ళే ఊరి మధ్య పూడ్చి ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జూలై 31న ఇరవై ఒక్క మందికి యావజ్జీవం, ముప్పై ఐదు మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అన్నిటినీ కొట్టేసింది. బాధితులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ వాడలోనూ ఆదివారం గంట మోగుతుంది, బల్ల ఉంటుంది. ఇరవై మూడేళ్ళు కోర్టు మెట్లెక్కినవాళ్ళలో చేదు ఉందని, క్రైస్తవులైతే వదిలేయాల్సిందని అనేవారికి నా జవాబు: వాళ్ళు చేసింది మత్తయి 18లోని మూడు వచనాలను ఊరి నుంచి రాజధాని దాకా నడిపించడం. తెలుగు క్రైస్తవ సంప్రదాయంలో క్షమకు ఉన్న అసలు రూపం ఇదేనని, విదేశీ పుస్తకాల పుణ్యమా అని వచ్చిందే ఆ మనోవైద్యపు రూపమని నేను అంటాను.

దీన్ని ఖండించదలిస్తే అచ్చయిన ప్రసంగాలతో పని జరగదు. పాత సంఘాల బీరువాల్లో మినిట్స్ పుస్తకాలు ఉన్నాయి, చెదలు పట్టినవి కొన్ని, పట్టనివి కొన్ని. ఎవరిని ఎందుకు బల్లకు దూరంగా ఉంచారో, ఏం తిరిగి ఇచ్చాక మళ్ళీ చేర్చుకున్నారో సెక్రటరీలు రాసి పెట్టారు. క్షమ మీద తెలుగులో వస్తున్న పత్రాల్లో వాటిని తెరిచిన పత్రం నాకింకా కనిపించలేదు.